ఇంటి దొంగకు కావలివాడి పాఠాలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలు చెప్పి ఊరుకున్నారు గాని, ఆ దొంగకు నోరు మూసుకోవడం నేర్పేది ఇంటి కావలివాడేనన్న రహస్యం హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ చరిత్ర చదివితేనే బోధపడుతుంది. పెద్దవాళ్లకు వచ్చే ఒక టి కణ ల్యుకేమియాను, అంటే రోగనిరోధక కణాలైన టి కణాలకు పట్టే రక్త క్యాన్సర్‌ను, 1977లో జపాన్ వైద్యులు వర్ణించగా, దానికి మూలమైన ఈ వైరస్‌ను 1980లో అమెరికా శాస్త్రవేత్తలు వెలుగులోకి తెచ్చారు. మనుషుల్లో బయటపడిన మొట్టమొదటి రెట్రోవైరస్ (తన జన్యువులను డీఎన్ఏగా మార్చి కణం డీఎన్ఏలో అతికించే వైరస్) ఇదే కనుక దీనికి తగిన మర్యాద చేయడం మన విధి.

ఇది కాపురానికి ఎంచుకున్న చోటు చూడండి. రోగనిరోధక వ్యవస్థలో తక్కిన కణాలకు పనులు పురమాయించే సీడీ4 కణాల డీఎన్ఏలోనే తన తొమ్మిది వేల పైచిలుకు జన్యు అక్షరాలను అతికించుకుంటుంది. ఠాణాలోనే మకాం దొరికిన దొంగకు వేరే ఇల్లెందుకు? చిక్కల్లా టాక్స్ అనే జన్యువుతోనే. అది పలికితే, అంటే పనిలోకి దిగితే, వైరస్ జన్యువులు మేలుకుంటాయి, కణ విభజన ఊపందుకుంటుంది. కాని టాక్స్ ప్రొటీన్ ముక్కలు కణం గుమ్మంలో వేలాడి, గస్తీ తిరుగుతూ వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాల కంట పడతాయి. ఆపైన ఆ కణానికి ఆయుష్షు చెల్లినట్టే.

అందుకే వైరస్ సోకినవారి రక్తం అప్పటికప్పుడు తీసి చూస్తే టాక్స్ జాడ దాదాపు కనిపించదు. అదే కణాలను గాజుపాత్రలో కొన్ని గంటలు ఉంచితే, అంతదాకా మునిలా కూర్చున్నది గొంతు సవరించుకుంటుంది. సీడీ8 కణాలను ముందే ఏరి పక్కన పెడితే ఆ గొంతు ఇంకా హెచ్చుతుంది. ఒంట్లోంచి తీసి పాత్రలో పెట్టడమే కణాలకు పెద్ద ఒత్తిడి గనుక, నేరమంతా కావలి లేకపోవడం మీదే నెట్టడం న్యాయం కాదు. అయితే వ్యంగ్య వ్యాసానికి అంత న్యాయం కిట్టదు.

ఇక అసలు ఘనుడు ఈ వైరస్‌దే మరో జన్యువు, హెచ్‌బీజడ్. డీఎన్ఏ రెండో పోగు మీద, ఎదురు దిశలో రాసి ఉండే ఈ జన్యువు, కావలివాళ్ల కంట అంతగా పడకుండానే కణాన్ని పెంచి పోషిస్తుంది. అరిచేవాళ్లను ఏరి చంపి, గొణిగేవాళ్లను వదిలేసే గస్తీ దశాబ్దాల పాటు సాగితే మిగిలేది ఎవరో వేరే చెప్పాలా? ల్యుకేమియా కణాలు చాలావాటిలో టాక్స్ మూగబోయి ఉంటుంది, హెచ్‌బీజడ్ మాత్రం పలుకుతూనే ఉంటుంది. అయినా వైరస్ సోకినవారిలో నూటికి సుమారు అయిదుగురికే ఈ ల్యుకేమియా వస్తుంది కాబట్టి, కావలివాడి జీతంలో కోత పెట్టమని నేను సిఫారసు చేయను.

పశువుల బి కణాల్లో (ఇవీ రోగనిరోధక కణాలే) ఉండే దీని దాయాది, బొవైన్ ల్యుకేమియా వైరస్‌దీ ఇదే మౌనం. దాని చేత బలవంతంగా దగ్గించి కావలివాడికి పట్టించాలని శాస్త్రవేత్తలు వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందును ల్యుకేమియా వచ్చిన గొర్రెలకు ఇచ్చి చూశారు. పెరిగిన తెల్లకణాలు తగ్గాయి కూడా. కాకపోతే మనుషుల్లోని ముదురు దొంగలు కొందరు టాక్స్‌ను పలికించే డీఎన్ఏ ముక్కనే ఎప్పుడో కోసి పారేసుకున్నారు. గొంతే లేనివాడిని ఏ మందు పోసి దగ్గిస్తారు?