అర అంగుళం బియ్యం

కాలిఫోర్నియాలో, లివర్‌మోర్‌లో మా పక్కింటి రాఘవరావుగారికి 1950 మోడల్ మెర్క్యురీ ఒకటుంది. రెండు తలుపుల కారు, చూస్తే ఏనుగు గున్నలా ఉంటుంది. దాన్ని నేలకు దగ్గరగా దించే పనిలో ఉన్నారాయన. శనివారం పొద్దున్నే ఎత్తు కొలవాలి, టేపు పట్టుకోవడానికి మనిషి కావాలని పిలిస్తే వెళ్లాను. నాకు మాట్లాడే పని పడలేదు.

వసంత: ఏమండీ, ఇంకా ఎంత కిందికి దించుతారు? ఇప్పటికే బురదలో పడుకున్న గేదెలా ఉంది.

రాఘవ: గేదె కాదే. దీన్ని స్టాన్స్ అంటారు, బండి నిలబడే తీరన్నమాట. ఇక్కడే లాస్ ఏంజిలిస్ పక్కన లిన్‌వుడ్‌లో బారిస్ అన్నదమ్ములని ఉండేవాళ్లు. 1950ల్లో ఇవే మెర్క్యురీలు పట్టుకుని, పైకప్పు కోసి పొట్టి చేసి, నేలకు ఆనుతాయా అన్నట్టు దించి...

వసంత: వాళ్లకి పెళ్లిళ్లయ్యాయా?

రాఘవ: కారు గురించి చెబుతుంటే పెళ్లి గొడవేంటి?

వసంత: వాళ్లావిడలు ఎలా ఎక్కి దిగేవారో కనుక్కుందామని. మొన్న గుడి దగ్గర పట్టుచీరతో ఇందులోంచి దిగలేక నేను పడ్డ పాట్లు మర్చిపోయారా? అందరూ చూస్తుండగా నూతిలోంచి బిందె తోడినట్టు లాగారు నన్ను.

రాఘవ: ముందు చక్రాల స్ప్రింగు ఒక్క చుట్టు కోశాను, అంతే. ఆ చుట్టు మందం ఎంతో అంతే దిగుతుందనుకుంటాం కానీ కాదు, స్ప్రింగేమో చక్రాన్ని పట్టుకునే కడ్డీ, ఆర్మ్ అంటారు, దాని మధ్యలో కూర్చుంటుంది, చక్రమేమో ఆ ఆర్మ్ చివర ఉంటుంది, అక్కడ కొంచెం తగ్గితే ఇక్కడికొచ్చేసరికి బాగా తగ్గుతుంది.

వసంత: అంటే మీరనుకున్నదానికంటే ఎక్కువ దిగిపోయింది.

రాఘవ: (నావైపు తిరిగి) నువ్వు టేపు సరిగ్గా పట్టుకో బాబూ.

వసంత: వెనకైతే మరీ కిందికుంది. ఎందుకలా?

రాఘవ: కావాలనే. కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య మూడంగుళాల దిమ్మ పెట్టి, పొడుగు యూ బోల్టులు కొత్తవి వేశాను. గుంటలో పడ్డప్పుడు యాక్సిల్ వెళ్లి ఫ్రేముకి కొట్టుకోకుండా ఫ్రేము అడుగున అర్ధచంద్రంలా కోయించి, పైన పలక వేసి వెల్డింగ్ చేయించాను. తోక నేలకు రాసుకుంటోందా అన్నట్టుండాలి. టెయిల్ డ్రాగర్ అంటారు. ముక్కు కిందికి, తోక పైకి ఉంటే అది హాట్ రాడ్, పందేలబండి వేషం. మనది నెమ్మదిగా దర్జాగా వెళ్లే బండి.

వసంత: నెమ్మది సంగతి నాకు తెలుసు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే చాలు, నన్ను దిగి నడవమంటారుగా.

(నిజమే. హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని ఆవిడ కారు పక్కన నడవడం నేను కళ్లారా చూశాను. ఆవిడే ముందు వెళ్లిపోయారు.)

రాఘవ: అప్పట్లో పోలీసులు కూడా నీలాగే సతాయించేవాళ్లు. చక్రం రిమ్ము అడుగుకంటే కారులో ఏ భాగమూ కిందికి ఉండకూడదని 1950ల చివర్లో ఇక్కడ చట్టం. దాన్ని తప్పించుకోవడానికి రాన్ అగీరే అని ఒకాయన విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్ కారుకి బిగించాడు. పోలీసు కనబడితే కారు లేస్తుంది, వాడటు వెళ్లగానే కూర్చుంటుంది.

వసంత: మా నాన్న వచ్చినప్పుడు మీరు సోఫాలోంచి లేచేవారు, అలాగ.

రాఘవ: 2024 జనవరి నుంచి ఆ చట్టమే లేదు, ఎత్తేశారు.

వసంత: మా నాన్నా లేరు. అందుకే మీరూ లేవడం మానేశారు.

(ఆయన కాసేపు కారు కిందికి దూరిపోయారు. అక్కడ పనేమీ లేదు.)

వసంత: (రోడ్డు దాకా వెళ్లి, ఒక కన్ను మూసి చూస్తూ) ఏమండీ, ఎత్తు చూసుకుని టైర్లు వేశారా, టైర్లు వేసి ఎత్తు చూశారా?

రాఘవ: ఎత్తంతా కుదిరాకే ఈ తెల్లంచు టైర్లు వేశాను. ఏం?

వసంత: చెప్పులేసుకున్నాక కదండీ కుచ్చిళ్లు దోపుకునేది. ముందే దోపేసుకుని తర్వాత హీల్స్ వేసుకుంటే చీలమండలు కనబడవూ?

ఆయన సమాధానం చెప్పలేదు. టేపు తెమ్మని సైగ చేశారంతే. నాలుగు మడ్‌గార్డులూ మళ్లీ కొలిచాం. ముందువైపు అనుకున్నదానికంటే అర అంగుళం ఎక్కువే ఉంది, వెనకవైపు మాత్రం అనుకున్నంతే, గీత గీసినట్టు ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఫోన్ తీసి మోకాళ్ల మీద కూర్చుని వెనకవైపు ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

రాఘవ: చూడు, చూడు. ఆ తోక చూడు. దీనికి ఇంకేం చెయ్యక్కర్లేదు.

వసంత: సరే, కాస్త జరగండి.

ఆవిడ డిక్కీ తెరిచి, గురువారం కొన్న సోనామసూరి బస్తాలు ఒక్కొక్కటే దింపారు. ఇరవై పౌన్లవి నాలుగు. కూతురూ అల్లుడూ వస్తున్నారట. మొదటి బస్తాకి ఏమీ తెలియలేదు. రెండోదానికి కమాన్ కట్ట కిర్రుమంది. నాలుగోది దిగేసరికి తోక మెల్లగా పైకి లేచింది. టేపు పెట్టి చూస్తే అర అంగుళం.

రాఘవ: వసంతా, బస్తాలు మళ్లీ డిక్కీలో పెట్టు.

వసంత: మరి వంటో?

రాఘవ: డిక్కీలోనే ఉండనీ. పూటకి కావలసినంత గ్లాసుతో కొలిచి తీసుకెళ్లు.

వసంత: అలా పూటకో గ్లాసుడు తీస్తూపోతే, ఉగాదికల్లా మీ బండి హాట్ రాడ్ అయి కూర్చుంటుంది కదండీ!