రాధాకృష్ణన్ గారు పాఠాలే చెప్పలేదంట, ఎవరన్నారు?

మా చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య సెప్టెంబర్ 5 వస్తే చాలు ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అసలు పాఠాలు చెప్పిన మనిషే కాదు, నెహ్రూ చలవతో పైకొచ్చారు, ఫిలాసఫీ కూడా పుస్తకాలు ఊరికే దొరికాయని తీసుకున్నారు, రాసిందంతా ఒక్క మతం గురించే అని. నిన్న మా తమ్ముడే పంపి "అన్నా, నిజమేనా" అనడిగాడు. చాలా బాధేసింది.

పాఠాలు చెప్పలేదా? 1909లో మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీ, 1918లో మైసూరు మహారాజా కాలేజీ, 1921లో కలకత్తా యూనివర్సిటీ. ఇవన్నీ క్లాసురూములే కదా.

నెహ్రూ చలవ మాటకొస్తే, ఆంధ్రా యూనివర్సిటీ వీసీ అయింది 1931లో, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయింది 1936లో, అప్పటికి మనల్ని ఏలేది తెల్లోళ్ళు, నెహ్రూ గారు జైలుకీ బయటికీ తిరుగుతున్నారు. మాస్కోకి రాయబారిగా పంపింది మాత్రం నెహ్రూ ప్రభుత్వమే, 1949లో, కానీ అప్పటికే ఈయనకి అరవై దాటాయి, పేరు ఎప్పుడో వచ్చేసింది.

పుస్తకాల సంగతి నిజమే. డబ్బుల్లేని ఇల్లు, చుట్టాలబ్బాయి ఒకతను చదివేసిన పుస్తకాలు ఇస్తే ఆ సబ్జెక్టే తీసుకున్నారు. అయితే ఏంటి? ఆ తర్వాత జరిగింది చూడండి. ఆయన చదివిన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ మిషనరీలది, లోకం మాయ అనే వేదాంతంలో మంచిచెడ్డలకి చోటెక్కడిది అని అక్కడ విమర్శ గట్టిగా వినిపించేది, అది ఈయన మనసుకి గుచ్చుకుంది, 1908లో ఎం.ఏ. థీసిస్ వేదాంతంలో నీతి గురించే రాశారు, దాన్ని మెచ్చుకుంది కూడా అక్కడి మిషనరీ ప్రొఫెసర్ హాగ్ గారే! ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఇష్టం లేని సబ్జెక్టు మీద ఎవరైనా అంత పట్టుగా రాస్తారా?

ఇక ఒక్క మతం అనేది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఆయన 'ఇండియన్ ఫిలాసఫీ' మొదటి వాల్యూమ్ కొన్నా, 1923లో మొదట అచ్చయిన పుస్తకం, అట్ట ఊడిపోయింది. అందులో బౌద్ధం ఉంది, జైనం ఉంది, దేవుడే లేడన్న చార్వాకులకీ ఒక చాప్టర్ ఉంది. 1920లో వచ్చిన ఇంకో పుస్తకంలో బెర్గ్‌సన్, విలియం జేమ్స్ లాంటి పాశ్చాత్య ఫిలాసఫర్లతో వాదించారు. అద్వైతం వైపు మొగ్గు ఎక్కువ, అన్నిటినీ ఆ కళ్ళతోనే చూశారు అంటే ఒప్పుకుంటా, అది న్యాయమైన విమర్శే. కానీ అలా అనాలంటే ముందు చదవాలి.

నా కాపీలో ఆ చార్వాకుల చాప్టర్ నిండా ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టారు, పక్కన తెలుగులో చిన్న చిన్న ప్రశ్నలు. తమ్ముడికి అదే ఇచ్చా.