నాలుగు ఎర్ర ఎంట్రీలకు పదమూడేళ్ల సర్వీసు చెల్లకుండా పోవాలా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఇంటికి భార్యాభర్తలిద్దరు వచ్చారు. పలాస వైపు వాళ్లు. అతనికి నలభై దాటాయి. 13 ఏళ్ల 4 నెలలు ఆర్మీలో పనిచేశాడు, ఇప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తున్నాడు. ఆమె చేతిలో బట్టల షాపు కవరు, అందులో డిశ్చార్జి బుక్కు, మడతల దగ్గర చిరిగిపోతున్న రెండు ఉత్తరాలు. అతను కుర్చీ అంచున కూర్చుని తల ఎత్తలేదు. మాట్లాడిందంతా ఆమే.

"అన్నయ్యా, ఈయన దొంగతనం చేయలేదు. ఎవరినీ కొట్టలేదు. మరి పెన్షన్ ఎందుకు రాదంటున్నారు?"

బుక్కు తెరిచి చూశాను. డిశ్చార్జి కారణం దగ్గర ఉన్నది ఒక్కటే ముక్క. సేవలు ఇక అవసరం లేవు, అని. జవానుకు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఇతనికి 20 నెలలు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన గ్రాట్యుటీ డబ్బు చెల్లెలి పెళ్లి అప్పుకే సరిపోయిందట.

ఈ పోస్టు ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. నేను 24 ఏళ్లు ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇలాంటి వాళ్ల కాండక్ట్ షీట్లలో, అంటే ప్రవర్తన రికార్డుల్లో, వాళ్లకు పడిన శిక్షలను ఎర్ర ఇంకుతో ఎంట్రీలుగా రాసిన చేతుల్లో నా చెయ్యి కూడా ఒకటి. ఆ పని ఎలా జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. తెలియకుండానే "ఆర్మీ వాళ్లే పంపించేశారంటే ఏదో పెద్ద తప్పే చేసుంటాడు" అనేస్తారు. ఆ మాట ఊళ్లో ఒకసారి పుట్టిందంటే మనిషి చచ్చినా పోదు.

జరిగేది ఇదీ. సెలవు మీద ఇంటికెళ్లినవాడు పది రోజులు ఆలస్యంగా వస్తాడు. ఆర్డర్లీ రూమ్‌లో కమాండింగ్ ఆఫీసర్ ముందుకు టోపీ, బెల్టు తీయించి, మార్చ్ చేయించి తీసుకెళ్తారు. అభియోగం చదువుతారు. ఆర్మీ చట్టం సెక్షన్ 39. "తగిన కారణం లేకుండా" సెలవు దాటి ఉండిపోయాడని. తప్పు ఒప్పుకుంటున్నావా అంటే యస్ సర్ అంటాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఏడు రోజులో పద్నాలుగు రోజులో, బాగా కోపమొస్తే 28 రోజులో క్వార్టర్ గార్డులో, అంటే యూనిట్ జైల్లో, పెడతారు. సెక్షన్ 80 కింద కమాండింగ్ ఆఫీసర్‌కు ఆ అధికారం ఉంది. మొత్తం అయిదు నిమిషాలు. ఆ తర్వాత ఫైలు నా బల్ల మీదికి వచ్చేది. నేను ఎర్ర పెన్ను తీసేవాడిని.

ప్రకాశం జిల్లా కుర్రాడొకడు నాకు ఇప్పటికీ గుర్తే. వాళ్లమ్మకు గుండె ఆపరేషన్ అయింది. ఆ సంగతి ముందురోజు రాత్రి లంగర్‌లో, అంటే జవాన్ల భోజనశాలలో, నాతో తెలుగులో చెప్పి ఏడ్చాడు. పొద్దున సాహెబ్ ముందు హిందీలో రెండు ముక్కలు కూడా పలకలేకపోయాడు. "తగిన కారణం లేకుండా" అన్న ఆ మాట నా చేత్తోనే రాశాను. కారణం ఉందని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. నా సర్వీసు, నా ప్రమోషన్ నాకు ముఖ్యమయ్యాయి. అది తప్పే. ఇన్నేళ్లయినా ఆ కాగితం కళ్ల ముందు కదులుతుంది.

ఇలాంటి ఎంట్రీలు నాలుగైతే యూనిట్‌లో మనిషి మీద ముద్ర పడిపోతుంది. 1954 ఆర్మీ రూల్స్‌లో రూల్ 13 ఉంది. దాని పట్టికలో "ఇతర అన్ని రకాల డిశ్చార్జీలు" అనే ఖానా కింద బ్రిగేడ్ కమాండర్ సంతకంతో ఇంటికి పంపేయొచ్చు. కోర్టు మార్షల్ అక్కర్లేదు. ఒక షోకాజ్ నోటీసు, దానికి సమాధానం, అంతే. ఆ సమాధానం కూడా చాలాసార్లు పక్కనున్న ఎవరో రాసిస్తారు. "ఇకమీదట బుద్ధిగా ఉంటాను, క్షమించండి" అని అందరిదీ ఒకటే వాక్యం. అందులో తల్లి ఆపరేషన్ ఉండదు, మంచులో గడిపిన రెండు చలికాలాలూ ఉండవు.

ఆదివారం వచ్చినతని నాలుగు ఎంట్రీలేమిటో అడిగి రాసుకున్నాను. నాన్న చనిపోయినప్పుడు 11 రోజులు ఎక్కువ ఉండిపోయాడు. ఫార్వర్డ్ పోస్టులో ఒక రాత్రి తాగి దొరికాడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి విశాఖలో అద్దాల పెట్టెలో ఉంటే 19 రోజులు. చివరిది 26 రోజులు. దానికి కారణం అడిగితే అతను మాట్లాడలేదు, ఆమే నెమ్మదిగా చెప్పింది. అప్పటికే తాగుడు ఎక్కువైంది, రైలెక్కించడానికి స్టేషన్‌కు తీసుకెళ్తే ప్లాట్‌ఫాం మీద నుంచి తిరిగొచ్చేసేవాడట. రెండుసార్లు అలా జరిగిందట.

ఇది విని "క్రమశిక్షణ లేనివాడు" అనడం తేలికే. నాకు మాత్రం అక్కడ వైద్యం కావాల్సిన మనిషి కనిపించాడు. డాక్టర్ దగ్గరికి పంపాల్సిన చోట క్వార్టర్ గార్డుకు పంపాం. శిక్షలు వేసి తాగుడు మాన్పించిన సందర్భం 24 ఏళ్లలో నేను ఒక్కటీ చూడలేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. చాలామంది మాజీలకు కూడా ఇది తెలియదు. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడితే డిశ్చార్జి చేసి తీరాలని ఏ రూలూ చెప్పదు. 1988 డిసెంబర్ 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్సే ఒక ఉత్తరం పంపింది. పంపేసే ముందు ప్రాథమిక విచారణ జరపాలి, తప్పు ఎలాంటిదో, సర్వీసు ఎంత ఉందో, పెన్షన్‌కు ఎంత దగ్గర్లో ఉన్నాడో, కష్టమైన చోట్ల ఎన్నాళ్లు పనిచేశాడో చూడాలి అన్నది దాని సారం. వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015లో సుప్రీంకోర్టు ఈ ఉత్తరాన్నే పట్టుకుంది. లెక్కకు నాలుగు ఎంట్రీలున్నాయని మాత్రమే పంపడం చెల్లదని తేల్చి, పెన్షన్‌కు కావాల్సిన సర్వీసు పూర్తయ్యేదాకా అతను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కించమంది. పాత జీతం ఇవ్వలేదు, పెన్షన్ మాత్రం ఇప్పించింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని ఫైళ్లలో ఆ విచారణ కాగితం లేకుండానే పని కానిచ్చేశామో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

అలాగని దూబే తీర్పు ఉందిగా, అందరికీ పెన్షన్ వచ్చేస్తుందని చెప్తే అబద్ధమే అవుతుంది. 2019లో సత్గుర్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు డిశ్చార్జిని సమర్థించింది. అలవాటుగా సెలవులు దాటే మనిషికి నోటీసిచ్చి, సమాధానం పరిశీలిస్తే చాలు, పెద్ద కోర్టు విచారణలాంటిది అక్కర్లేదంది. 2023 జులైలో మదన్ ప్రసాద్ కేసు ఇంకా కఠినం. ఆయన ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్. సెలవు పొడిగించుకుని, అదీ దాటి 108 రోజులు రాలేదు. భార్యకు ఒంట్లో బాగాలేదన్నాడు. దానికి నమ్మదగిన వైద్యం కాగితాలు చూపలేకపోయాడు. డిస్మిస్ చేసింది సబబేనని కోర్టు చెప్పేసింది.

నాకు అర్థమైంది ఇదీ. మన కుర్రాళ్లకు కష్టం ఉంటుంది, కాగితం ఉండదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వైద్యం చేయించుకుంటారు, చీటీ తీసుకోరు. తండ్రి పోతే దినాలు చేస్తారు, యూనిట్‌కు ఫోన్ చేసి ఊరుకుంటారు. కోర్టుకు కావాల్సింది ఆ చీటీయే.

డిశ్చార్జి వేరు, డిస్మిసల్ వేరు. మొదటిది సర్వీసు ముగించి ఇంటికి పంపడం, రెండోది శిక్షగా ఉద్యోగం నుంచి తీసేయడం. ఇది కూడా కలిపేసి మాట్లాడతారు. డిస్మిస్ అయితే పెన్షన్ నిబంధనల ప్రకారం పెన్షన్, గ్రాట్యుటీ రెండూ పోతాయి, ప్రత్యేక సందర్భాల్లో పైవాళ్లు దయతలిస్తే తప్ప. అందుకే డిస్మిసల్‌ను డిశ్చార్జిగా మార్చమని అడిగేవాళ్లు ఎందరో. ఆ ఒక్క మాట మారితే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇక దుష్ప్రవర్తన కింద పంపేస్తే మాజీ సైనికుడన్న గుర్తింపే ఉండదు. ఉద్యోగాల్లో కోటా లేదు, మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు, క్యాంటీన్ కార్డు లేదు. బ్యాంకు సెక్యూరిటీ గార్డు పనికి వెళ్లినా ముందు అడిగేది డిశ్చార్జి బుక్కులో క్యారెక్టర్ ఏమని రాశారని. 11 రోజుల ఆలస్యానికి ఒకసారి జైల్లో ఉండి వచ్చినవాడికి మళ్లీ బతుకంతా శిక్ష ఎందుకు?

"మరి క్రమశిక్షణ ఏమైపోవాలి?" అని నా బ్యాచ్‌మేటే ఫోన్‌లో గట్టిగా అడిగాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఒకడు రాకపోతే వాడి డ్యూటీ ఇంకొకడు మంచులో నిలబడి చేస్తాడు. నేనూ చూశాను. ఆయుధం అమ్ముకున్నవాడికి, ఆడవాళ్ల మీద చెయ్యి వేసినవాడికి, సాటి జవాను ప్రాణం మీదికి తెచ్చినవాడికి నేను ఒక్క అర్జీ కూడా రాసిపెట్టను. నేను మాట్లాడుతున్నది సెలవు దాటినవాళ్ల గురించి, తాగుడుకు బానిసైనవాళ్ల గురించి. వాళ్లను యూనిట్‌లో ఉంచుకోవడం కుదరదంటే సరే, పంపేయండి. చేసిన 13 ఏళ్లకు తగ్గ ముద్ద మాత్రం లాక్కోకండి.

అమెరికాలో దీనికి విడిగా బోర్డులున్నాయి. అక్కడ చెడ్డ డిశ్చార్జి వచ్చినవాళ్లు 15 ఏళ్లలోపు రివ్యూ బోర్డుకు ఒక ఫారం పెట్టుకోవచ్చు, ఆ గడువు దాటితే రికార్డులు సరిచేసే ఇంకో బోర్డు ఉంది. యుద్ధం వల్ల మనసు దెబ్బతిని తప్పు చేసినవాళ్ల అర్జీలను ఉదారంగా చూడమని 2014లో వాళ్ల రక్షణ మంత్రి హేగెల్ ఆదేశమిచ్చాడు. 2017లో అది తలకు గాయాలైనవాళ్లకు, సర్వీసులో లైంగిక దాడికి గురైనవాళ్లకు కూడా వర్తిస్తుందని స్పష్టం చేశారు. అక్కడ కూడా తిరస్కరణలు మామూలే. కానీ తలుపంటూ ఒకటి ఉంది. వెళ్లి తట్టినవాడిని కోర్టు మెట్లెక్కమనకుండా ముందు వింటారు.

మన దగ్గర మిగిలింది ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. 2007 చట్టంతో వచ్చింది, 2009 నుంచి నడుస్తోంది. మంచిదే, చాలామందికి మేలు చేసింది. కానీ తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. రాత్రి కాపలా కాసుకునే మనిషి పలాస నుంచి చెన్నైకి ఎన్ని వాయిదాలకు తిరుగుతాడు? అర్జీకి ఆరు నెలల గడువు, అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్. సికింద్రాబాద్‌లో ఇంత పెద్ద కంటోన్మెంట్ ఉంది. ఏడాదికి రెండుసార్లు అక్కడ ఒక బోర్డు కూర్చోలేదా? ఒక డాక్టరు, ఒక లీగల్ ఆఫీసరు, జవానుగా పనిచేసి వచ్చిన ఒక సుబేదార్ మేజర్ ఉంటే చాలు. పదేళ్లు దాటిన సర్వీసు ఉండి, సెలవు దాటడం, తాగుడు తప్ప వేరే మచ్చ లేనివాళ్ల ఫైళ్లు తెప్పించుకుని చూడమనండి. 1988 ఉత్తరం ప్రకారం విచారణ జరిగిందా లేదా అన్నది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఇది చదివేవాళ్ల ఊళ్లో ఇలా ఇంటికొచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఒక మాట చెప్పండి. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలను రికార్డ్ ఆఫీసులో 25 ఏళ్లే ఉంచుతారు, తర్వాత నాశనం చేస్తారు. కాగితం పోతే కేసు పోయినట్టే. ముందు సమాచార హక్కు కింద కాండక్ట్ షీట్, షోకాజ్ నోటీసు, దానికిచ్చిన సమాధానం, ప్రాథమిక విచారణ కాగితాలు, డిశ్చార్జి ఆర్డరు అడగండి. అప్పటి ఆసుపత్రి చీటీలు, మరణ ధ్రువీకరణ పత్రాలు ఏవి దొరికితే అవి వెతకండి. ఆ తర్వాతే లాయరు. "పెన్షన్ తెప్పిస్తా, సగం నాకివ్వు" అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, వాళ్ల చేతికి అసలు డిశ్చార్జి బుక్కు ఇవ్వొద్దు.

ఆదివారం ఆ దరఖాస్తు నేనే రాశాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు సోమవారం తీసి, స్పీడ్ పోస్టులో పంపమని చెప్పాను. విశాఖ ఆసుపత్రిలో బిడ్డ ఉన్న రోజుల చీటీ ఉందా అని అడిగితే ఆమె ఆలోచించి, పుట్టింట్లో ట్రంకు పెట్టెలో ఉండొచ్చు అంది. అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న మనిషి అప్పుడు మాట్లాడాడు.

"ఉంది సార్. నేనే దాచాను."

రాత్రి ఫోన్ చేశారు, దొరికింది. పేరు, తేదీ, ఆసుపత్రి ముద్ర అన్నీ కనిపిస్తున్నాయి. అభియోగంలో "తగిన కారణం లేకుండా" అని రాసి ఉన్న ఆ 19 రోజులూ అందులో ఉన్నాయి.