చదవడానికి టాబ్లెట్ సరే, చదువుకు మాత్రం ల్యాప్‌టాపే

డిగ్రీలో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ బదులు టాబ్లెట్ కొంటే డబ్బు ఆదా అవుతుందన్న వాదనతో నేను ఏకీభవించలేను. కీబోర్డు, పెన్ను, కవరు విడివిడిగా కొనేసరికి ఆ ఆదా కాస్తా కరిగిపోతుంది. ప్రాజెక్టు నివేదిక రాయాలన్నా, ప్రోగ్రాము రాసి నడిపి చూడాలన్నా టాబ్లెట్‌తో అవస్థే. ర్యామ్ (పనులు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) చాలకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో పెంచుకోవచ్చు, టాబ్లెట్‌లో ఆ వీలు లేదు.

2011లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ను గుర్తు చేసుకోండి. ఏడు అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్! చవకగా ఇవ్వాలన్న ఆశయం మంచిదే, కానీ ఆ పరికరం పిల్లల చదువు బరువును మోయలేకపోయింది.

అయితే ఒక్క పనిలో టాబ్లెట్‌కు సాటి లేదు. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు ఇంటర్నెట్‌లో ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. అవి పేజీల బొమ్మలు కాబట్టి అక్షరాలను మాత్రమే పెద్దవి చేసుకోవడం కుదరదు, పేజీ మొత్తాన్నీ పెద్దది చేయాల్సిందే. అలా చేస్తే ఫోనులో ప్రతి వాక్యానికీ పేజీని అటూ ఇటూ జరపాలి. ఈ-పుస్తకాలు చదివే ఆరంగుళాల కిండిల్‌లో ఒత్తులు, గుణింతాలు కంటికి ఆనవు. పది అంగుళాల తెర మీద మాత్రం పేజీ మొత్తం హాయిగా చదవవచ్చు. మా నాన్నగారి లాంటి చదువరులకు నేను నిస్సంకోచంగా టాబ్లెట్టే కొనమంటాను. కొనేముందు ఆ మోడల్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో తప్పక అడగండి.