ఏదో మాడుతోంది

మా అత్తగారి ముక్కంటే మా ఇంట్లో అందరికీ గురి. పక్కింట్లో పోపు మాడితే ఆవాలు ముందు మాడాయా, మెంతులు ముందు మాడాయా అన్నది కూడా చెప్పేస్తారు. అలాంటావిడ పొట్టంగి దాటి మా కారు కొండ ఘాటీ దిగుతుండగా, కునుకు లోంచి లేచి, "ఏదో మాడుతోందమ్మా" అన్నారు.

ఒడిశాలోని కోరాపుట్ నుంచి సాలూరు వెళ్తున్నాం, మా ఆవిడ పిన్ని కూతురి నిశ్చితార్థానికి. డిక్కీలో పాతిక కిలోల కాలాజీరా బియ్యం, బస్తా అల్లం, రెండు పనసకాయలు. అవన్నీ సాలూరులో దొరకవా అని నేను అడగలేదు. అల్లుడిగా పద్దెనిమిదేళ్ల అనుభవం.

ఘాటీ మొదలవగానే గేరు న్యూట్రల్‌లోకి తోసేయడం నా సొంత పొదుపు పథకం. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు కొండ కింద. బండి తనంతట తనే జారిపోతుంటే పెట్రోలు తగలెయ్యడం ఎందుకు? మలుపు వచ్చినప్పుడు బ్రేకు, తర్వాత మలుపుకి మళ్లీ బ్రేకు. ఆ దారిలో మలుపు లేని చోటు వెతుక్కోవాలి కాబట్టి, నిజం చెప్పాలంటే బ్రేకు మీంచి కాలు తీసిందే లేదు.

బ్రేకుల గురించి నాకు బెంగ లేకపోవడానికి కారణం మా బావమరిది. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఆఫీసుకు వెళ్లొస్తాడు. "ప్యాడ్లా? 60 వేల కిలోమీటర్ల దాకా వాటి మొహం చూడక్కర్లేదు బావా" అన్నాడు. నా బండికి ప్యాడ్లు మార్చి 22 వేలే అయింది. ఇంకో 38 వేలు బ్యాంకులో వేసుకున్నట్టు ధీమాగా ఉన్నాను. పదిహేను రోజులుగా బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమంటోంది, నిజమే. పాటల సౌండు పెంచాను. వినపడలేదు.

"ఏమండీ, పాలు కాచాక స్టవ్వు కట్టేశానా?" అంది మా ఆవిడ.

ఇక చూడండి టెన్షన్. ఇల్లు తగలబడుతోందని ఖాయమైపోయింది. తగలబడుతున్నది కోరాపుట్‌లో అయితే వాసన ఇక్కడ ఘాటీలో సుంకి దగ్గరికి ఎలా వస్తుందని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఘాటీలో సిగ్నల్ ఓ గీత వచ్చి పోతోంది. ఆ ఒక్క గీత మీద మా ఆవిడ పక్కింటి ఒడియా మౌసీకి ఫోన్ చేసింది. అటు వైపు చేరింది మాత్రం మూడే ముక్కలు: "మౌసీ... ఘర... గ్యాస్..." కట్.

సరిగ్గా అప్పుడే, ఎంత తొక్కినా బండి నా మాట వినడం మానేసింది. రెండో గేరు వేసి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి, ఎలాగో మలుపు పక్క వెడల్పు జాగాలో ఆపాను. ముందు చక్రం లోంచి పొగ లేస్తోంది. మా అత్తగారు దిగి, వంగి, వాసన చూసి, "హమ్మయ్య! ఇల్లు కాదు, కారే" అన్నారు.

నీళ్ల సీసా మూత తీసి చక్రం మీద పొయ్యబోయాను. వెనక ఆగిన లారీ లోంచి కేక. "ఆగు బాబూ! కాలిన పెనం మీద నీళ్లు పోస్తావేటి? డిస్కు వంకర పోద్ది!"

సాలూరు లారీ డ్రైవరు. లారీల ఊరు మనిషి కదా, దిగి వచ్చి చక్రం చూసి, నా మొహం చూసి, "ఈ కొండ ఎక్కినప్పుడు ఏ గేర్లో ఎక్కుతావు?" అన్నాడు.

"రెండోది."

"దిగినప్పుడు?"

నేను పనసకాయల వైపు చూశాను. మా ఆవిడ చెప్పేసింది. ఆయన కోప్పడలేదు, అదే బాధ. "ఎక్కిన గేర్లోనే దిగాల బాబూ. ఇంజినే పట్టి ఉంచుద్ది" అని బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు. అరగంట చల్లార్చి మిగతా ఘాటీ రెండో గేర్లో దిగాం. ఇంజిన్ గోల పెట్టింది గానీ, బ్రేకు అవసరం పడింది నాలుగైదు చోట్లే.

సాలూరులో మెకానిక్ చక్రం విప్పి ప్యాడ్లు చేతిలో పెట్టాడు. కొత్తదాని మీద మందం పది, పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుందట. మూడుకి వస్తే మార్చెయ్యాలి. నాది మామిడి తాండ్రలో ఆఖరి పొరలా ఉంది. దాని అంచున చిన్న రేకు ఉంది. ప్యాడ్ అరిగాక అది డిస్కుకి తగిలి కీచుమంటుందని, అలా చెప్పడానికే దాన్ని పెట్టారని అన్నాడు. పదిహేను రోజులు అది చెబుతూనే ఉంది, నేను పాటలు విన్నాను.

బావమరిది 60 వేలు కూడా అబద్ధం కాదట. హైవే మీద బ్రేకుకి పనెక్కడిది? ఆగి ఆగి కదిలే సిటీ ట్రాఫిక్‌లో త్వరగా అరుగుతాయి, ఘాటీలో మరీ. దిగుడులో బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. ఏడొందల మీటర్ల కొండ దిగే కారు వేడినంతా బ్రేకులే మోస్తే, దాంతో పాతిక లీటర్ల నీళ్లు మరగబెట్టొచ్చు. ఈ లెక్క నేనే వేశాను, నిశ్చితార్థంలో కాఫీ కోసం ఎదురుచూస్తూ.

"పోనీలే, పెట్రోలైనా మిగిలింది" అన్నాను మెకానిక్‌తో. అతను నవ్వాడు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి పెట్రోలు దానంతట అదే ఆగిపోతుందట. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఆగిపోకుండా తాగుతూ ఉంటుందట. మా ఆవిడ ఈ మాట రెండోసారి చెప్పించుకుని మరీ వింది.

ఫోన్‌లో ఏడు మిస్డ్ కాల్స్, అన్నీ మౌసీవే. చేస్తే, "కిఛి నాహిఁ, కిఛి నాహిఁ" అంటోంది. ఏమీ లేదట, స్టవ్వు కట్టేసే ఉందట. ఆ సంగతి ఆవిడకెలా తెలిసిందని అడిగితే, గునపంతో తాళం పగలగొట్టి చూసిందట.

రాత్రి ఇల్లు చేరేసరికి మౌసీ మా అరుగు మీద కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. తాళం ముక్కలు పేపర్లో చుట్టి నాకు ఇచ్చింది. మా అత్తగారు కారు దిగి, ముందు చక్రం దగ్గర ఒకసారి ఆగి, గాలి పీల్చి, "మళ్లీ ఏదో మాడుతోంది" అన్నారు.

నా గుండె జారింది. ఆవిడ ఇంకోసారి పీల్చి చెయ్యి ఊపారు.

"బ్రేకు కాదులే బాబూ. మౌసీ వాళ్ల డాల్మా పప్పు."