'మానుట' అను క్రియ

నేను సిగరెట్ మానేసి నాలుగేళ్లయింది. ఈ మాట వినగానే ఎదుటివాళ్లు ముందు నా ఛాతీ వంక చూస్తారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "ఏమైనా వచ్చిందా?" అని అడుగుతారు. ఏమీ రాలేదంటే నమ్మరు. రోగం రాకుండా పొగ మానినవాడిని మా వైపు కాస్త అనుమానంగానే చూస్తారు, అప్పు లేకుండా ఇల్లు కట్టినవాడిని చూసినట్లు. అసలు కారణం చెబితే ఇంకా నమ్మరు. ఆ కారణం ఒక రూపాయి. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముప్పయ్యేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడిని, ఏ విషయాన్నయినా నిర్వచనంతో మొదలుపెట్టకపోతే నాకు తోచదు.

మాను అంటే చెట్టు. మాను అంటే విడిచిపెట్టు. పుండు మానింది అంటే నయమైందని. ఒకే మాటకు ఇన్ని అర్థాలుండటం వల్ల మా ఊరి పొగరాయుళ్లకు గొప్ప వెసులుబాటు దొరికింది. రెండో అర్థంలో మాట ఇస్తారు, మొదటి అర్థంలో సిగరెట్ల బంకు ముందు నిలబడతారు, మూడో అర్థం ఆసుపత్రికి వదిలేస్తారు.

మాది టంగుటూరు. ఇక్కడ పొగాకు మానడం ఒక మనిషి సొంత వ్యవహారం కాదు, జిల్లా ఆదాయానికి సంబంధించిన విషయం. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. ఒంగోలు, టంగుటూరు, వెల్లంపల్లి, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డి.సి.పల్లి... వరసగా చదివితే ఆర్టీసీ బస్సు బోర్డులా ఉంటుంది గానీ ఇవన్నీ పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లు. వేలాలు జరిగే రోజుల్లో మా దగ్గర పలకరింపు "బాగున్నారా" కాదు, "ఎంత పలికింది". నా దగ్గర సంధులు నేర్చుకున్న పిల్లల్లో సగం మంది ఫీజులు పొగాకు బేళ్లు అమ్ముడుపోయాకే వచ్చేవి. కాబట్టి సవర్ణదీర్ఘ సంధికీ పొగాకుకూ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా మేనమామకు కొండపి దగ్గర రెండు బ్యారన్లు, అంటే పొగాకును మంట వేడికి ఆరబెట్టే కొట్టాలు. ఆయన జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టించలేదు. ఆకు కోయించి, బ్యారన్ కెక్కించి, అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట చూసుకుంటూ కాపలా కాసినవాడికి ఇంకా ప్రత్యేకంగా పొగ ఎందుకని ఆయన వాదన. నేను మానేశానని తెలిసి మాత్రం నొచ్చుకున్నాడు. "ఇంట్లోవాళ్లే ఇలా చేస్తే బయటివాడు మన బేలు ఎందుకు పాడతాడు అల్లుడూ?" అన్నాడు. అలా అన్న ఆయన కూడా అయిదేళ్లలో మూడుసార్లు మానినవాడే. ధర పడిపోయి, బేళ్లు నోబిడ్ అయి, అంటే పాడేవాడే లేక, తిరిగొచ్చిన ఏడాది, "ఇక జన్మలో ఈ ఆకు జోలికి పోను" అని పెద్దల ఎదుట చెప్పి శనగ వేస్తాడు. ఆ ఏడాది శనగ ధర పడిపోతుంది, పొగాకు ధర లేస్తుంది. మరుసటి ఏడాది పక్కవాడి బ్యారన్ కూడా కౌలుకు తీసుకుంటాడు. ఆయన మానడానికి కారణం కిలో ధర, మళ్లీ మొదలుపెట్టడానికీ అదే. ఇంత నిలకడైన కారణం ఇంకొకరి దగ్గర నేను చూడలేదు.

ఇక ప్రభుత్వం సంగతి. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. మా బడి గేటు నుంచి నేనే స్వయంగా అడుగులు లెక్కపెట్టాను. బంకు నూట పన్నెండో గజంలో ఉంది. అంటే చట్టం నాకు సిగరెట్ మాన్పించలేదు గానీ ఇంటర్వెల్‌లోనూ భోజన విరామంలోనూ రానూపోనూ రెండు వందల చిల్లర గజాల నడక మాత్రం అలవాటు చేసింది. నడక గుండెకు మంచిదని వైద్యులూ చెబుతారు. 2008 గాంధీ జయంతి నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల వరకూ జరిమానా అన్నారు. బడి వెనక చింతచెట్టు చాటు బహిరంగమా, అంతరంగమా అన్న విషయం మీద మా స్టాఫ్‌రూములో వారం రోజులు చర్చ నడిచింది. లెక్కల మాస్టారు అంతరంగమేనన్నారు. ఆయనా తాగుతారు లెండి.

2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వచ్చింది. ఆ తర్వాత, మానడానికి సహాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయమని కూడా అచ్చు వేశారు. ఉచితం, మంచి పని. కానీ మా బంకులో అందరూ విడిగా కొనేవాళ్లే, ఆ నంబరు చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. దాన్ని దగ్గర పెట్టుకోవాలంటే పెట్టె మొత్తం కొనాలి. నేను కొన్నాను. నంబరు డైరీలో రాసుకున్నాక లోపలున్న పదింటినీ పారేయడం అపచారం అనిపించింది.

ఆరోగ్యం కోసం మానలేదా అంటే మానాను, పద్నాలుగు సార్లు. ఆఖరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుందని, 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుందని డాక్టరు వివరంగా చెప్పాడు. లెక్క వేసుకున్నాను. రోజుకు పది తాగేవాడిని, ప్రతి దానికీ మధ్య 20 నిమిషాల కంటే ఎక్కువ ఎడమే ఉండేది. అంటే మొదటి లాభం రోజుకు పదిసార్లు అందుతోంది. ఇంత లాభసాటిగా సాగుతున్న పనిని ఆపడం తెలివితక్కువ కదా!

అసలు గొప్ప కారణాలతో వచ్చిన చిక్కే ఇది. అవి మనిషి కంటే పెద్దవి. ఎత్తి భుజాన పెట్టుకోగానే కాళ్లు వణుకుతాయి.

మా తోడల్లుడు కాశీకి వెళ్లాడు. కాశీలో ఒక కాయ, ఒక ఆకు వదిలి రావాలని ఆనవాయితీ. ఇష్టమైనది వదలాలని పెద్దలంటారు. ఆయన కాయల్లో కాకర వదిలాడు, ఆకుల్లో పొన్నగంటి. కాకరకాయ ఆయన పెళ్లినాటి నుంచీ తినడు. పొన్నగంటికూర ఎలా ఉంటుందో ఇప్పటికీ గుర్తుపట్టలేడు. "పొగాకు కూడా ఆకే కదా?" అన్నాను. గంగలో మూడు మునకలు వేసి వచ్చినవాడి ప్రశాంతతతో, "విశ్వేశ్వరుడికి తినే ఆకే ఇవ్వాలి" అన్నాడు.

మాల వేసుకున్న స్వాముల సంగతి దీనికంటే విచిత్రం. కార్తీకం వచ్చిందంటే మా ఊళ్లో సగం బంకులు వెలవెలబోతాయి. మండల దీక్ష, నలభై ఒక్క రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, పొగ మాట ఎత్తరు. నికోటిన్ కోసం ఒళ్లు పీకే బాధ మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందంటారు. నలభై ఒక్క రోజులు గడిపినవాడు ఆ గండాన్ని ఎప్పుడో దాటేశాడు, మిగిలింది ఊరికే ఉండటమే. అంత తేలికైన పని మాత్రం ఎవరివల్లా కాదు. మా వీధి స్వామి ఒకాయన శబరిమల నుంచి ఉదయం దిగి, ఇంటింటికీ అరవణ ప్రసాదం పంచి, సాయంత్రం ఆరింటికి బంకు దగ్గర కనిపించాడు. "దీక్ష అయిపోయింది కదా మాస్టారూ, ఇంకా ఎవరి కోసం మానాలి?" అన్నాడు. ఎంత ఆలోచించినా ఆయనకు ఇంకో మనిషి తట్టలేదు.

నెల్లూరు రొట్టెల పండుగకూ వెళ్లాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుని తింటారు, తీరినవాళ్లు మళ్లీ ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంత ఇంటి రొట్టె, విదేశాలకు వెళ్లే రొట్టె కూడా ఉంది. మోకాటి లోతు నీళ్లలో గంటసేపు తిరిగి, "పొగ మానే రొట్టె ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగాను. ఎవరూ ఇవ్వలేదు. న్యాయమే, అది ఇవ్వాలంటే ముందు ఎవరో ఒకరు మాని ఉండాలి. గట్టు మీద ఒక పెద్దమనిషి అప్పుడే అందుకున్న ఆరోగ్య రొట్టెను భక్తిగా కళ్లకద్దుకుని, జాగ్రత్తగా ఎడమ చేతికి మార్చి, కుడి చేత్తో బీడీ ముట్టించాడు.

నెల్లూరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ఊళ్లో ఇప్పుడు అందరూ అన్నం మానేస్తున్నారు. వరి పేరు మీద వెలిసిందని చెప్పుకునే ఊరు, పెన్నా నీళ్లతో పండిన బియ్యం, పక్కన చేపల పులుసు. వీటి మధ్య కూర్చుని "నేను రైస్ మానేశానండీ" అని చెప్పడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఊహించండి. నాకు ఆ మాట చెప్పిన మిత్రుడు అప్పటికి నాలుగు కారం దోసెలు ముగించాడు. దోసె అన్నం కాదట.

మానడం ఇంత అసాధ్యమైతే మన జిల్లాల్లో చరిత్ర ఎలా జరిగిందని మీరడగవచ్చు. ఇక్కడే వ్యాకరణం అక్కరకొస్తుంది. 'మానుట' వేరు, 'మాన్పించుట' వేరు. రెండోదాన్ని ప్రేరణార్థకం అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మగవాళ్లెవరూ సారా మానలేదు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, వాచకంలో తమ బతుకులాంటి కథే చదివి, ఆ ఊరి రోశమ్మ ముందు నడవగా, మాన్పించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది 1997లో ఎత్తేశారు, ప్రభుత్వాలకూ ఖజానా అనే వ్యసనం ఉంటుంది కదా. అంతకు ముందు మా జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబర్‌లో పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవలోనే, ఒక్క ఓటు తేడాతో. తాగుడు మాన్పించడం మాననందుకు ఆయన పదవి మానవలసి వచ్చింది.

దూబగుంట ఉన్నది కలిగిరి మండలంలో. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉందని పైన చెప్పాను. సారా పాటలు ఆగిపోయాయి, ఆకు పాటలు సాగుతున్నాయి. ఇందులో నేను తప్పు పట్టను, మా మేనమామ ఈ వ్యాసం చదువుతాడు.

ఇప్పుడు రూపాయి.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం నూట పన్నెండో గజంలోని ఆ బంకువాడు నాకు రూపాయి చిల్లర ఇవ్వాలి. "లేదు మాస్టారూ, రేపు తీసుకోండి" అన్నాడు. మర్నాడు అడిగితే, "నిన్ననే ఇచ్చేశాను కదండీ" అన్నాడు. పక్కన నా పూర్వ విద్యార్థులు ముగ్గురున్నారు. రూపాయి కోసం మాస్టారు అబద్ధమాడుతున్నాడన్న చూపు ఒకడి మొహంలో స్పష్టంగా కనిపించింది. "నీ బంకు మెట్టు మళ్లీ ఎక్కితే నా పేరు మార్చుకుంటాను" అన్నాను. రెండో బంకు జాతీయ రహదారికి అవతల ఉంది. లారీల మధ్య నుంచి దాటలేను, కింది దారి గుండా చుట్టూ తిరిగి వెళ్లాలంటే అర కిలోమీటరు పైనే. మొదటి రోజు కోపంతో మానాను, రెండో రోజు బద్ధకంతో. మూడో రోజు ఒళ్లంతా చీమలు పాకినట్లయింది, పిల్లి మీదా గోడ మీదా అరిచాను, అయినా ఆ వెధవ ముందు ఓడిపోవడమా అనుకున్నాను. నాలుగో వారానికి నోట్లో వేపపుల్ల మాత్రమే మిగిలింది. డాక్టరు, చట్టం, రొట్టె చేయలేని పని పంతం చేసింది.

అయితే ఈ కారణానికి ఒక లోపం ఉందని తర్వాత తెలిసింది. వాడు రూపాయి తిరిగి ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు. అందుకే సంక్రాంతినాడు వాడు దూరం నుంచి "మాస్టారూ!" అని పిలిస్తే వినిపించనట్లు వేగంగా నడిచాను. అప్పటి నుంచి ఆ వీధి కూడా మానేశాను.

కిందటి నెల ఒక పెళ్లిలో వచ్చి నా పక్కనే బంతిలో కూర్చున్నాడు. విస్తరి వేశాక లేవకూడదు. "ఆ రూపాయి సంగతి ఎత్తావంటే ఊరుకోను" అన్నాను.

"అయ్యో, అది మర్నాడే డబ్బా అడుగున దొరికింది మాస్టారూ. నేను ఇవ్వబోతుంటే అమ్మగారే వద్దన్నారు. ఆయన చేతిలో రూపాయి పెట్టావో, నీ దగ్గర పాలప్యాకెట్ కొనడం మానేస్తానన్నారు" అన్నాడు వాడు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ.

ఇంటికొచ్చి ఆవిడను ఏమీ అడగలేదు. అడిగితే ఆ రూపాయి ఇప్పించేస్తుందేమోనని భయం.