గోడ దాటినా తగ్గని శక్తి

క్వాంటం భౌతికశాస్త్రానికి మూలమైన ష్రోడింగర్ సమీకరణాన్ని పరీక్షలో తప్పులేకుండా సాధించిన విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. తన శక్తికి మించిన ఎత్తున్న శక్తి గోడను (పొటెన్షియల్ బారియర్‌ను) ఎక్కకుండానే టనెలింగ్‌తో దాటి వచ్చిన ఎలక్ట్రాన్‌కు శక్తి తగ్గుతుందా? తగ్గుతుందనే జవాబు తరచూ వస్తుంది. నిజానికి శక్తి రవ్వంత కూడా తగ్గదు. తగ్గేదల్లా గోడ అవతల ఎలక్ట్రాన్ దొరికే అవకాశం.

ఈ పొరపాటు పుట్టేది నల్లబల్ల మీద. మాస్టారు శక్తికి గ్రాఫు గీసి, గోడ నిలబెట్టి, ఎలక్ట్రాన్ శక్తి ఇంత అని అడ్డంగా ఒక గీత లాగుతారు. చోటు కలిసొస్తుందని, ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో తేల్చే అలను (వేవ్ ఫంక్షన్‌ను) కూడా ఆ గీత మీదే గీసేస్తారు. గోడకు ఇవతల పెద్ద అల, అవతల పొట్టి అల. నిలువు అక్షం శక్తిదే కాబట్టి అల పొట్టిదైతే శక్తి తగ్గినట్టే కదా! పాపం, విద్యార్థులు బొమ్మను ఉన్నదున్నట్టే చదివారు. రెండు బొమ్మలూ విడిగా గీస్తే ఈ తంటా ఉండదు.

'క్వాంటం ఎవరికీ అర్థం కాదులే' అనే మాట తరగతిలో వినయంలా చలామణీ అవుతోంది. మా దృష్టిలో అది సాకు. క్వాంటం మెకానిక్స్‌కు పునాది వేసిన హైజెన్‌బర్గ్ వ్యాసం 1925 నాటిది. ఆనాటి అయోమయాన్ని ఈనాటి పిల్లలకు ఆస్తిగా పంచనక్కర్లేదు.

పాఠం ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. అవకలన సమీకరణాలతో సగం సెమిస్టర్ గడిపేకంటే స్పిన్‌తో, అంటే కణాలను చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తింపజేసే సహజ గుణంతో, మొదలుపెట్టడం మేలు. భౌతిక శాస్త్రవేత్తలు స్టెర్న్, గెర్లాక్ 1922లో వెండి పరమాణువుల ధారను అసమ (చోటును బట్టి బలం మారే) అయస్కాంత క్షేత్రంలోకి పంపితే అది పైకొకటి, కిందికొకటిగా రెండు పాయలైంది. ఇక్కడి నుంచి ఊహించమనండి. పైకి వెళ్లిన పాయను పక్కకు తిప్పిన అయస్కాంతంలోకి పంపితే మళ్లీ సగం సగం. అందులో ఒక సగాన్ని తిరిగి మొదటి తరహా అయస్కాంతంలోకి పంపితే? 'ఇవన్నీ ఇంతకుముందు పైకి వెళ్లినవే, మళ్లీ పైకే పోతాయి' అంటారు. సగం కిందికి పోతాయి! మధ్యలో చేసిన కొలత పాత సమాచారాన్ని చెరిపేసింది. దీనికి కావలసిన గణితం రెండు వరసల మాత్రికలే.

భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు, ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే మీటలు జరిపి రంగులు చూసినంత మాత్రాన లాభం లేదు. ఏం జరుగుతుందో ముందే కాగితం మీద రాయించి, ఆ తర్వాతే తెర మీద చూపాలి.

పరీక్షల సంగతికొస్తే, పది మార్కుల లెక్క పక్కన లెక్క అక్కర్లేని ప్రశ్న ఒక్కటైనా ఇవ్వాలి: గోడ మందం రెట్టింపైతే అవతల ఎలక్ట్రాన్ శక్తి ఏమవుతుంది, దొరికే అవకాశం ఏమవుతుంది, ఎందుకు?